సేవల లెక్కలు ఎక్కడ ఉండాలి? సొంత కంప్యూటరులోనా, క్లౌడ్‌లోనా?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో లెక్కల విభాగం తరఫున ఇచ్చిన ప్రసంగ పాఠం)



సంఘం అందించే సేవల లెక్కలను కంప్యూటరులో వ్రాసుకోదలచినప్పుడు, సాఫ్ట్‌వేరును సొంత కంప్యూటరులో పెట్టుకోవడం మేలా, ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ పద్ధతి మేలా అన్నది ఈ పూట మాకు అప్పగించిన విషయం. అమ్మేవాళ్ళు ఇప్పుడు ఊళ్ళకే వస్తున్నారు. ఇకముందు అంతా క్లౌడే అని ఒకరు చెబుతారు. మన లెక్క మన బీరువాలో ఉంటేనే భద్రమని మరొకరు చెబుతారు. ఇద్దరి మాటలోనూ నిజం కొంత ఉంది. ఇద్దరూ చెప్పకుండా దాటవేసేది కూడా ఒకటి ఉంది. మేము ఎక్కువసేపు దాని గురించే మాట్లాడదలచాం.

మనం పాల సంఘాలమని చెప్పుకుంటాం గాని, పాలు పోయించుకోవడం మన పనిలో ఒక భాగమే. గోపాలమిత్ర చేత సూదులు వేయిస్తున్నాం, చూడి పరీక్షలు చేయిస్తున్నాం. నట్టల మందు, టీకాలు, ప్రథమ చికిత్స ఉన్నాయి. బల్క్ కూలర్ ఉన్న సంఘాలు పక్క ఊళ్ళ పాలు కూడా చల్లబరచి, అందుకు ఛార్జీ తీసుకుంటున్నాయి. పశువుల బీమా ప్రీమియం వసూలు చేసి కడుతున్నాం. గడ్డి కోసే యంత్రాన్ని అద్దెకు ఇచ్చే సంఘాలూ ఉన్నాయి. ఇవన్నీ సేవలు. వీటిలో గోదాములో కనిపించే సరుకు తక్కువ, కాగితం మీద ఉండే బాకీ ఎక్కువ.

పాల లెక్కకూ, సేవల లెక్కకూ ఉన్న తేడాను మొదట గట్టిగా పట్టుకోవాలి. పాల లెక్క ఒకే చోట, ఒకే వేళకు పుడుతుంది. తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. సభ్యుని కళ్ళ ముందే పడతాయి, చీటీ చేతికి వస్తుంది. సేవల లెక్క అలా పుట్టదు. అది ఎవరి కొట్టంలోనో, మధ్యాహ్నం ఎండలో, గోపాలమిత్ర చేతిలో పుడుతుంది. ఆయన చిన్న పుస్తకంలో వ్రాసుకొని జేబులో పెట్టుకుంటాడు. మూడు ఊళ్ళు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ పద్దు సంఘం పుస్తకంలోకి ఎక్కేది వారానికో, బిల్లు కట్టే ముందు రోజుకో. చొక్కాతో పాటు చీటీ నీళ్ళలో నానితే అసలు ఎక్కనే ఎక్కదు. ఆ డబ్బు సభ్యుని చేతి నుంచి రాదు, పాల బిల్లులో మినహాయిస్తాం. పేచీ అక్కడ మొదలవుతుంది. “నా గేదెకు రెండు సూదులే వేశారు, మూడని కోశారేమిటి?” అని సభ్యుడు అడిగితే చూపించడానికి కార్యదర్శి దగ్గర కాగితం ఉండాలి. లేకపోతే ఆ సభ్యుడు మర్నాడు ప్రైవేటు కేంద్రానికి క్యాను ఎత్తుకుపోతాడు. కొద్దిపాటి రుసుము దగ్గర తగాదా వచ్చి, రోజుకు పది లీటర్లు పోసే సభ్యుణ్ణి పోగొట్టుకోవడం మన సంఘాలకు కొత్త కాదు.

ఇక రెండు పద్ధతుల సంగతి. సొంత కంప్యూటరు పద్ధతిలో సాఫ్ట్‌వేరూ, లెక్కలూ సంఘం ఆఫీసులో ఉన్న యంత్రంలోనే ఉంటాయి. మన ప్రాంతంలో చాలామంది గుమాస్తాలకు అలవాటైన టాలీ ఈ తరగతికి చెందింది. క్లౌడ్ పద్ధతిలో లెక్కలు వేరొకరి పెద్ద యంత్రాలలో ఉంటాయి. మనం ఇంటర్నెట్ ద్వారా వాటిని తెరచి వ్రాసుకుంటాం. జోహో బుక్స్ ఈ తరగతిది. పేరు మేఘమే గాని అందులో మేఘం లేదు. ఏదో నగరంలో చల్లటి గదుల్లో వరుసగా పేర్చిన కంప్యూటర్లు ఉంటాయి. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే క్యాను, బల్క్ కూలర్. క్యానులో ఎవరి పాలు వారివి, కాపాడుకోవలసిన బాధ్యతా వారిదే. కూలర్‌లో చల్లదనం బాగుంటుంది, శ్రమ తగ్గుతుంది. కాని కూలర్ నడిపేవారి మీద అందరం ఆధారపడతాం.

సేవల లెక్కలకు క్లౌడ్ వల్ల కలిగే లాభం పైన చెప్పిన జేబు పుస్తకం దగ్గరే కనబడుతుంది. గోపాలమిత్ర తన సెల్‌ఫోనులోనే కొట్టం దగ్గర పద్దు వ్రాస్తాడు. సభ్యుని నంబరు, పశువు చెవి పోగు నంబరు, తేదీ, రుసుము పడతాయి. ఆఫీసులో కార్యదర్శికి ఆ సాయంత్రానికే కనబడుతుంది. సభ్యునికి సందేశం పంపే ఏర్పాటు ఉంటే, తన మీద ఎంత పద్దు పడిందో ఆయనకు అప్పుడే తెలుస్తుంది. పేచీ పెట్టదలచినవారు బిల్లు దాకా ఆగకుండా ఆ రోజే పెడతారు. అది తీర్చడం సులభం. నాలుగు ఊళ్ళ పాలు చల్లబరిచే సంఘంలో, ఒక్కొక్క ఊరి పద్దు ఎంతో ఆ ఊరివాళ్ళు తమ చోటు నుంచే చూసుకోవచ్చు. సొంత కంప్యూటరులో ఈ సౌకర్యం బొత్తిగా అసాధ్యం కాదు గాని, ఏర్పాటు చేసుకోవడం కష్టం, ఖర్చు.

అదే క్లౌడ్‌ను పాల సేకరణ బల్ల దగ్గర పెడితే కథ మారుతుంది. తెల్లవారుజామున అరవై మంది వరుసలో నిలబడి ఉంటారు. చీటీ క్షణాల మీద రావాలి. రాత్రి గాలివానకు కరెంటు పోయి, దానితో టవరు కూడా పోతే, ఇంటర్నెట్ వచ్చేదాకా పాలు ఆగవు. కాబట్టి సేకరణ యంత్రం ఏదైనా సరే, ఇంటర్నెట్ లేకపోయినా తూకం, శాతం, చీటీ పని జరిగిపోవాలి. లైను వచ్చాక లెక్కలు పైకి పంపుకోవాలి. ఈ ఒక్క విషయంలో మేము ఏ బేరానికీ ఒప్పుకోం. “మా దగ్గర నెట్ ఎప్పుడూ పోదు” అనే అమ్మకందారును ఒక వానాకాలపు సాయంత్రం మీ ఊరికి పిలవండి.

ధరల పట్టిక విషయమూ ఇక్కడే చెప్పుకోవాలి. వెన్న శాతానికి ఇంత అని రేటు మారినప్పుడు క్లౌడ్‌లో ఒక చోట మారిస్తే అన్ని ఊళ్ళలోనూ మారుతుంది. సొంత కంప్యూటర్లు అయితే ఒక్కొక్కచోటికి మనిషి వెళ్ళాలి, ఎవరో ఒకరు పాత పట్టికతోనే వారం నడుపుతారు. అయితే ఒక చోట తప్పుగా మారిస్తే ఆ తప్పు కూడా అన్ని ఊళ్ళకూ ఒకేసారి పోతుంది. కనుక రేటు మార్చే అధికారం ఒకరికీ, దాన్ని సరిచూసి ఆమోదించే అధికారం మరొకరికీ ఉండాలి. పన్నుల మార్పు కూడా ఇలాంటిదే. 2025 సెప్టెంబరు 22న నెయ్యి, వెన్నల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అది నెల మధ్యలో వచ్చిన మార్పు. కౌంటరులో నెయ్యి అమ్మే సంఘాలకు ఆ రోజు బిల్లులో రేటు ఎవరు మార్చాలి అన్న ప్రశ్న ఎదురైంది. కొనే ముందే అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న అది.

ఖర్చు గురించి ఎక్కువమంది అడుగుతారు. అందుకు మేము చెప్పే పద్ధతి ఒక్కటే. రూపాయల్లో కాకుండా, లీటరుకు ఎన్ని పైసలు పడుతుందో చూడండి. లెక్క చూపడానికి మాత్రమే ఒక ఉదాహరణ తీసుకుందాం. క్లౌడ్‌కు ఏడాదికి 10,000 రూపాయలు అనుకోండి. రోజుకు 500 లీటర్లు పోసే సంఘానికి ఏడాదికి 1,82,500 లీటర్లు. లీటరుకు ఐదున్నర పైసలు పడుతుంది. రోజుకు 150 లీటర్లే వచ్చే సంఘానికి అదే రుసుము లీటరుకు 18 పైసలు దాటుతుంది. సొంత కంప్యూటరు సాఫ్ట్‌వేరు మొదట 25,000, రెండో ఏడు నుంచి ఏటా 5,000 అనుకుంటే ఐదేళ్ళకు 45,000 అవుతుంది. క్లౌడ్‌కు ఐదేళ్ళకు 50,000. పెద్ద తేడా లేదు. తేడా వచ్చేది ఆరో ఏట. ఒకసారి శాశ్వతంగా కొన్న లైసెన్సుకు ఏటేటా కట్టే రుసుము ఆపినా, పాత రూపంలో పుస్తకం సాధారణంగా తెరుచుకుంటుంది. క్లౌడ్‌కు రుసుము ఆపితే తలుపు మూతపడవచ్చు. అటువైపు సొంత కంప్యూటరు కూడా ముసలిదవుతుంది. విండోస్ 10కు మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలు అంతటితో ఆగిపోలేదు గాని, ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచడం మాత్రం ప్రమాదమే. ఈ మార్పిడి ఖర్చు అమ్మకందారు పట్టికలో కనబడదు.

ఇక అమ్మేవాళ్ళు చెప్పని సంగతికి వద్దాం. లెక్కలు ఎక్కడ ఉన్నాయన్నది రెండో ప్రశ్న. వాటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, కావాలన్నప్పుడు సంఘం తన లెక్కలను తాను బయటకు తీసుకోగలదా అన్నది మొదటి ప్రశ్న.

నడుస్తున్న సేవ ఆగిపోవడం ఊహ కాదు. క్విక్‌బుక్స్ అనే క్లౌడ్ లెక్కల సేవను అమెరికాకు చెందిన ఇంట్యూట్ కంపెనీ మన దేశంలోనూ నడిపింది. 2022లో ముందుగా ప్రకటించి, 2023లో మన దేశంలో దాన్ని ఆపివేసింది. అందులో లెక్కలు వ్రాసుకున్న వ్యాపారులు గడువులోగా వాటిని బయటకు తీసుకొని వేరే చోట పెట్టుకోవలసి వచ్చింది. కంపెనీ చిన్నది కాదు, చెప్పకుండా పోలేదు. అయినా పోయింది. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ఏర్పాటు పొరపాటున చెరిగిపోయింది. సభ్యులు ఐదు లక్షలకు పైగా ఉన్న నిధి అది. వారం రోజులకు పైగా వారికి తమ ఖాతాలు కనబడలేదు. వేరొక సంస్థ దగ్గర కూడా నకలు పెట్టుకొని ఉండడం తిరిగి నిలబెట్టుకోవడానికి తోడ్పడింది. అదే ఏడాది జూలై 31న సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద దాడి జరిగినప్పుడు, దాని మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులను ముందు జాగ్రత్తగా ఆపివేశారు. మర్నాటికి సర్దుకుంది గాని, అది మన పక్షం బిల్లు రోజు అయి ఉంటే సభ్యులకు ఏమి సమాధానం చెప్పేవాళ్ళం?

ఇవి విని సొంత కంప్యూటరే నయమనుకుంటే అదీ తొందరపాటే. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా అది తగిలింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు కింది గదిలో బల్ల కింద పెట్టిన కంప్యూటరుకు పట్టే గతి ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. చాలా సంఘాల్లో నకలు తీసిన పెన్ డ్రైవు కూడా ఆ బల్ల సొరుగులోనే ఉంటుంది. నీళ్ళు వచ్చినా, నిప్పు అంటుకున్నా, దొంగ వచ్చినా అసలూ నకలూ కలిసే పోతాయి.

వీటన్నిటికంటె తరచుగా జరిగేది మరొకటి ఉంది, అది పత్రికల్లో పడదు. సాఫ్ట్‌వేరు కొన్నప్పుడు కార్యదర్శి తన సొంత ఫోను నంబరు, తన ఈమెయిలు ఇస్తాడు. దురుద్దేశం ఉండదు, ఆ పూట పని జరగాలి కదా. రెండేళ్ళకు ఆయన ఉద్యోగం మానేస్తాడు, లేదా కమిటీతో మాట పట్టింపు వస్తుంది. ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. సంఘం లెక్క సంఘానికే తెరుచుకోదు. సొంత కంప్యూటరైతే పాస్‌వర్డు ఆయన మనసులో ఉంటుంది. ఎర్ర అట్ట ఆవర్జా రోజుల్లో బీరువా తాళం పగలగొడితే పుస్తకం చేతికి వచ్చేది. ఇప్పుడు పగలగొట్టడానికి తాళం కూడా కనబడదు. కార్యదర్శులు నొచ్చుకోవద్దని మనవి. ఇది మీ నిజాయితీకి సంబంధించిన మాట కాదు. రేపు లెక్కలో తేడా వస్తే తాళం ఒక్కరి దగ్గరే ఉన్నందుకు మొదట అనుమానించేది మిమ్మల్నే. తాళం ఇద్దరి దగ్గర ఉండడం మీకే రక్ష.

కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, సంఘం పేరున ఒక సిమ్ కార్డు, ఒక ఈమెయిలు తీసుకోండి. సాఫ్ట్‌వేరు యజమాని ఖాతా వాటి మీదే తెరవండి. అధ్యక్షునికి చూసే అధికారం, కార్యదర్శికి వ్రాసే అధికారం, గోపాలమిత్రకు తన పద్దు వేసే అధికారం మాత్రమే ఉండాలి. పడిన పద్దును చెరిపే అధికారం ఎవరికీ వద్దు. తప్పు పడితే ఎదురు పద్దు వేసి సరిచేయాలి, చిట్టాలో మనం చేస్తున్నది అదే. యజమాని పాస్‌వర్డు కవరులో పెట్టి, సీలు మీద అధ్యక్షుడు సంతకం, తేదీ వేసి, ఇనప్పెట్టెలో ఉంచి, ఆ సంగతి కమిటీ తీర్మానంలో వ్రాయాలి.

కొనే ముందు ఒక పరీక్ష పెట్టండి. గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండి చూస్తాం గదా. అమ్మకందారును ఒక ఏడాది నమూనా లెక్క తెరిచి చూపమనండి. సభ్యుల బాకీల జాబితా, దినసరి చిట్టా, ఆవర్జా, అంకణాలను బయటకు తీయమనండి. తరువాత ఆయన యంత్రం కట్టివేయమని, తీసిన ఆ కాగితాలను మీ కంప్యూటరులో, ఆయన సాఫ్ట్‌వేరు లేకుండా తెరిచి చూడండి. అంకెలు, పేర్లు, తెలుగు అక్షరాలు చెదరకుండా కనబడితే సగం పరీక్ష గట్టెక్కినట్టే. “అలా తీయడానికి వేరే రుసుము” అన్నా, “మీకు దానితో పనేమిటి” అన్నా బేరం అక్కడితో ముగించండి. ఎంత అందంగా కనబడినా సరే.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాం. కంపెనీల చట్టం కింద నమోదైన ప్రొడ్యూసర్ కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పు జాడ తేదీతో సహా నమోదయ్యే, ఆ నమోదును ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేరునే వాడాలి. లెక్కల నకలును రోజూ మన దేశంలో ఉన్న సర్వరులో ఉంచాలని కూడా వారికి నియమం ఉంది. సహకార సంఘాల చట్టాల కింద ఉన్న మనకు ఆ నియమాలు నేరుగా వర్తించవు. అయినా అమ్మకందారును ఈ రెండూ ఉన్నాయా అని అడగడంలో నష్టం లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, కంప్యూటరు లెక్కను కోర్టులో దాఖలు చేసేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. యంత్రం ఎవరి ఆధీనంలో ఉందో చెప్పలేని సంఘం ఆ పత్రం మీద ఎవరి చేత సంతకం పెట్టిస్తుంది? సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు మన దగ్గర ఉన్నాయని మరచిపోకూడదు. వ్యక్తుల సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సభ్యుల జాబితాను వాట్సాప్‌లో అటూ ఇటూ పంపే అలవాటు ఇకనైనా మానాలి.

మా అభిప్రాయం అడిగితే ఇది. ఒకే ఊరు, ఒకే ఆఫీసు, సేవలు కొద్దిగా ఉన్న సంఘానికి క్లౌడ్ కోసం తొందర లేదు. సొంత కంప్యూటరు, రోజూ నకలు, ఆ నకలు వేరే ఇంట్లో. అంతే చాలు. రెండు మూడు ఊళ్ళకు సేవలు అందిస్తూ, గోపాలమిత్రలు బయట తిరిగే సంఘానికి సేవల లెక్కలు క్లౌడ్‌లో ఉండడమే మంచిది. సేకరణ బల్ల మాత్రం ఇంటర్నెట్ లేకుండా నడవగలగాలి. ప్రతి పక్షం బిల్లు కట్టగానే పూర్తి నకలు బయటకు తీసి సంఘం దగ్గర పెట్టుకోవాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఉమ్మడి క్లౌడ్ సాఫ్ట్‌వేరు ఇచ్చే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో, 63,000 సంఘాల కోసం ఆమోదం తెలిపింది. మీ మండలంలో అది అమలైన సంఘం ఉంటే, ఒక పూట వెళ్ళి వాళ్ళ కార్యదర్శి పక్కన కూర్చోండి. అమ్మకందారు పుస్తకంలో దొరకనిది అక్కడ తెలుస్తుంది.

మార్చుకోవడం ఏప్రిల్ 1న అయితే ఆడిటుకు సుఖం. కుదరకపోతే ఒక పక్షం బిల్లు ముగిసిన మర్నాడు మొదలుపెట్టండి, మధ్యలో వద్దు. రెండు బిల్లుల పాటు పాత పుస్తకం, కొత్త సాఫ్ట్‌వేరు రెండూ నడపాలి. ఇది విసుగు పని. అయినా తప్పదు. అన్నిటికంటె కష్టం పాత బాకీలు ఎక్కించడం. సభ్యునివారీ బాకీల జాబితా తయారుచేసి, సంఘం గోడ మీద వారం రోజులు అంటించి, అభ్యంతరాలు విని, సంతకాలు తీసుకున్నాకే కంప్యూటరులోకి ఎక్కించండి. లెక్క కలవని మొత్తాన్ని అనామతు ఖాతాలో వేసి తోసేస్తే, అది ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుంటుంది, ప్రతి ఆడిటులోనూ లేచి పలకరిస్తుంది. పాత పుస్తకాలను ఆ ఏడు ఆడిటు ముగిసేదాకా అటక ఎక్కించవద్దు.

సిమ్ కార్డు, పాస్‌వర్డు కవరు, అధికారాల పంపకం గురించి కమిటీలో పెట్టవలసిన తీర్మానం నమూనా ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. సంఘానికి ఒకటి చొప్పున తీసుకొండి. భోజనాల తరువాత మీ మీ సంఘాల సేవల జాబితాలు, నెలకు పడే పద్దుల సంఖ్య తెచ్చినవారితో కూర్చుని, ఎవరికి ఏది తగునో విడివిడిగా మాట్లాడతాం.